ఇంగ్లీషులో ‘లేదు’ అనడం



ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో తెలుగింట పుట్టిన పిల్లకు అయిదేళ్ళు వచ్చేసరికి ‘నాకొద్దు’ అనడం రెండు భాషల్లో వచ్చేస్తుంది. ఇంట్లో అమ్మతో ‘తినను’ అంటుంది. వీధిలో ఒడియా నేస్తంతో ‘ఖాయిబిని’ అంటుంది. దీనికి ఎవరూ సూత్రం చెప్పలేదు, పలక మీద దిద్దించలేదు. ఆ పిల్లే బడికి వెళ్ళి ఇంగ్లీషు మొదలుపెడుతుంది. ఏళ్ళ తరబడి చదువుతుంది. పదో తరగతిలో కూడా ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాస్తుంది. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేస్తారు. వచ్చే పరీక్షలో మళ్ళీ అదే రాస్తుంది. ఆ పిల్లకు తెలివి లేక కాదు, చదవక కాదు. ఆ పిల్లకు ముందే వచ్చిన రెండు భాషల్ని ఇంగ్లీషు క్లాసులో ఎవరూ వాడుకోకపోవడం వల్ల ఆ తప్పు అలాగే ఉండిపోతోంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు. ఇవి ఒకసారి పైకి అని చూడండి. పని అయిపోయిందని క్రియ చెబుతోంది. ఎవరు చేశారో కూడా క్రియ చివరే తెలుస్తోంది. ఇప్పుడు వీటికి వ్యతిరేకం చెప్పండి. నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, అతను వెళ్ళలేదు, మేం వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. అన్నిటికీ ఒకటే రూపం. ‘వెళ్ళాను’లోని ‘ఆను’ ఊడిపోయింది. ‘వెళ్ళ’ అనే మొండి రూపం మిగిలింది. జరిగిపోయిన కాలాన్ని ‘లేదు’ తన మీద వేసుకుంది. ‘వెళ్ళానులేదు’ అని మాటలు నేర్చే పసివాళ్ళు కూడా అనరు.

ఇంగ్లీషులోనూ జరిగేది ఇదే. ‘ఐ వెంట్’ అన్నప్పుడు కాలం క్రియలో ఉంది. వ్యతిరేకం చెప్పాల్సి వచ్చినప్పుడు ‘డూ’ అనే సహాయక క్రియ వచ్చి ఆ కాలాన్ని తీసుకుని ‘డిడ్’ అవుతుంది. అసలు క్రియ ‘గో’ మొండిగా మిగులుతుంది. ‘ఐ డిడ్ నాట్ గో’. ‘డిడ్ నాట్ వెంట్’ అనడం ‘వెళ్ళానులేదు’ అనడమే. ‘షి డజ్ నాట్ గోస్’ కూడా అటువంటిదే. ‘డజ్’లో ఒకసారి చేరిపోయిన ‘స్’ను మళ్ళీ ‘గో’కి తగిలించకూడదు. తెలుగు పిల్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. నల్లబల్ల మీద ‘వెళ్ళానులేదు’ అని రాసి, ఇలా అంటామా అని అడిగితే క్లాసంతా ‘అనం’ అంటుంది.

మరి తెలుగులో ఇంత తేటగా ఉంటే మన పిల్ల ఆ తప్పు ఎందుకు చేస్తోంది? దీనికి నాకు తోచిన కారణం మన గంజాం గాలిలోనే ఉంది. ఒడియాలో ‘నేను వెళ్ళాను’ అంటే ‘మూఁ గలి’. ‘వెళ్ళలేదు’ అంటే ‘మూఁ గలి నాహిఁ’. అక్కడ కాలం క్రియను వదిలి వెళ్ళదు. నేను అనే జాడ కూడా ‘గలి’లోనే ఉంటుంది. ‘నాహిఁ’ ఊరికే వెనక వచ్చి చేరుతుంది. ఒడియా మాధ్యమంలో చదువుకునే పిల్లకు, ఒడియాలో అర్థం చెప్పే క్లాసులో, ‘డిడ్ నాట్ వెంట్’ తప్పుగా వినిపించకపోవడం సహజం. ఒడియా వ్యాకరణం ప్రకారం అది దాదాపు సరైన వాక్యనిర్మాణమే. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగును అక్కడ ఒక్క నిమిషం గుర్తు చేస్తే చాలు, ముడి విడిపోతుంది.

ఇంగ్లీషు వాళ్ళు కూడా ఒకప్పుడు ఒడియా పద్ధతిలోనే మాట్లాడేవారు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ‘నాకు తెలియదు’ అనడానికి ‘ఐ నో నాట్’ అనే ఉంటుంది. డెన్మార్కు భాషావేత్త ఒట్టో యెస్పెర్సన్ 1917లో ఇంగ్లీషు వ్యతిరేకం మీద ఒక పుస్తకం రాశారు. వెయ్యేళ్ళలో ఆ భాష ‘కాదు’ అనే పద్ధతిని ఎలా మార్చుకుంటూ వచ్చిందో అందులో వరసగా చూపించారు. మొదట క్రియకు ముందు ‘నె’ అనే చిన్న మాట ఉండేది. అది బలహీనపడితే క్రియ వెనక ‘నాట్’ వచ్చి చేరింది. కొంతకాలం రెండూ ఉన్నాయి. తరవాత ముందున్నది రాలిపోయింది. ఆ పైన ‘డూ’ వచ్చింది. చివరికి ‘డూ’, ‘నాట్’ కలిసిపోయి ‘డోంట్’ అయింది. షేక్స్పియర్ నాటకాల్లో ‘నో నాట్’, ‘డూ నాట్ నో’ రెండూ కనిపిస్తాయి, ఎందుకంటే ఆయన కాలం ఆ మార్పు నడిమధ్యన ఉంది. కాబట్టి ఈ ‘డూ’ దేవుడిచ్చిన సూత్రమేమీ కాదు. వాడుకలో పుట్టి, వాడుకలో స్థిరపడింది. పిల్లలకు ఈ సంగతి చెబితే భయం పోతుంది.

‘డూ’ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు అనేది ఒక్క మాటలో చెప్పేయొచ్చు. వాక్యంలో ఇదివరకే సహాయక క్రియ ఉంటే, అంటే ఈజ్, హావ్, కెన్, విల్, మస్ట్ లాంటిది ఉంటే, ‘నాట్’ దాని వెనకే వస్తుంది. లేకపోతేనే ‘డూ’ను పిలవాలి. అంతే.

ఇక తెలుగు మనకు సాయం చేయని చోట్లు ఉన్నాయి. వాటి దగ్గర కాస్త ఆగాలి.

‘నేను మాంసం తినను’ అన్నాననుకోండి. అది నా అలవాటు. ‘నేను ఇవాళ తినను’ అన్నాననుకోండి. అది నా నిర్ణయం. రెండిటికీ తెలుగులో ‘తినను’ ఒక్కటే. ఈ ‘తినను, తినవు, తినడు’ వరస చాలా పాతది. ఇందులో ‘లేదు’ లేదు, ‘కాదు’ లేదు. వ్యతిరేకం క్రియ కడుపులోనే ఉంది. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ 1856లోనే దీన్ని ప్రత్యేకంగా చర్చించారు. ఇంగ్లీషులో మాత్రం అలవాటుకు ‘ఐ డోంట్ ఈట్’, నిర్ణయానికి ‘ఐ వోంట్ ఈట్’. తెలుగు ఒక్కటే వచ్చిన పిల్ల ఇక్కడ తడబడుతుంది. మన బరంపురం పిల్ల తడబడాల్సిన పని లేదు. ఒడియాలో అలవాటుకు ‘ఖాయేని’ అని, జరగబోయేదానికి ‘ఖాయిబిని’ అని ఆమె రోజూ అంటూనే ఉంది. ‘ఖాయేని’ దగ్గర ‘డోంట్’, ‘ఖాయిబిని’ దగ్గర ‘వోంట్’ పెట్టుకుంటే సరిపోయింది.

ఇంకో చోటు ఇంతకంటే జాగ్రత్త కావలసినది. ‘ఆవిడ నడవలేదు’ అనే వాక్యం వినండి. ఆవిడ నిన్న నడవలేదనా, ఆవిడకు నడిచే శక్తి లేదనా? తెలుగులో రెండిటికీ అదే వాక్యం. ‘నేను నడవలేను’, ‘అతను నడవలేడు’ అన్నప్పుడు శక్తి లేదనే తెలుస్తుంది. ఆడవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. ఇంగ్లీషులో మాత్రం ‘షి డిడ్ నాట్ వాక్’, ‘షి కెనాట్ వాక్’ వేరువేరు. మంచం పట్టిన తల్లిని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళిన కొడుకు, తెలుగూ ఒడియా రాని డాక్టరు దగ్గర ‘డిడ్ నాట్ వాక్’ అంటే, డాక్టరుకు సగం సంగతే అందుతుంది. ఇక్కడ కూడా దారి ఒడియానే చూపిస్తుంది. ‘చాలిలా నాహిఁ’ అంటే నడవలేదు. ‘చాలి పారుని’ అంటే నడిచే శక్తి లేదు. ఆ ‘పారుని’లో ఉన్నదే ఇంగ్లీషు ‘కెనాట్’.

మందుల దగ్గరే మరో ప్రమాదం ఉంది. ‘ఈ మాత్ర పరగడుపున వేసుకోకూడదు’, ‘ఈ మాత్ర పరగడుపున వేసుకోనక్కర్లేదు’. ఈ రెండిటికీ ఎంత తేడా ఉందో మనకు చెప్పక్కర్లేదు. మొదటిది నిషేధం. రెండోది వేసుకున్నా పరవాలేదు, వేసుకోకపోయినా పరవాలేదని. ఇంగ్లీషులో మొదటిది ‘మస్ట్ నాట్’, రెండోది ‘నీడ్ నాట్’ లేక ‘డోంట్ హావ్ టు’. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ‘మస్ట్’ అన్నా ‘హావ్ టు’ అన్నా తెలుగులో ‘వేసుకోవాలి’ అనే నేర్పుతాం. అది నిజమే. కానీ వాటి పక్కన ‘నాట్’ చేరగానే అవి చెరో దారి పడతాయి. అందుకని ‘మస్ట్ నాట్’ను విడగొట్టి అర్థం చెప్పకూడదు. మొత్తం కలిపి ‘కూడదు’ అని ఒక్క ముక్కగా నేర్పాలి. మన ‘చేయక తప్పదు’ను ఎవరూ విడగొట్టి చెప్పరు కదా. రెండు వ్యతిరేకాలు కలిసి అక్కడ ‘చేయాలి’ అనే గట్టి మాట అయింది.

‘కాదు’, ‘లేదు’ల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. ‘ఇది నా గొడుగు కాదు’, ‘నాకు గొడుగు లేదు’. ఒడియాలోనూ మొదటిదానికి ‘నుహేఁ’, రెండోదానికి ‘నాహిఁ’. రెండు భాషల కుటుంబాలు వేరైనా ఈ విషయంలో ఒకే తీరు. ఇంగ్లీషులో మొదటిది ‘ఈజ్ నాట్’, రెండోది ‘డోంట్ హావ్’. ఇది మన పిల్లలకు కష్టం కాదు.

కష్టమైనది జవాబు చెప్పడం. దీని గురించి వివరంగానే చెప్పాలి.

బరంపురం పట్టుచీరల పేరు ఎక్కడెక్కడి వాళ్ళనో ఇక్కడికి రప్పిస్తుంది. ఆ మగ్గాల వెనక తరతరాలుగా ఉన్నవాళ్ళు తెలుగు మాట్లాడే దేవాంగులు. దుకాణంలోకి పై దేశపు కొనుగోలుదారు ఒకావిడ వచ్చిందనుకోండి. అంచు చూసి ముచ్చటపడి, ‘వోంట్ ది కలర్ రన్?’ అని అడిగింది. ‘రంగు పోదా?’ అని. మన దుకాణదారుకు మనసులో వచ్చిన తెలుగు జవాబు ‘ఆఁ, పోదండీ’. నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు ‘యెస్ మేడమ్’. ఆవిడకు అందిన అర్థం ‘అవును, పోతుంది’. చీర మడత పెట్టేసి వెళ్ళిపోతుంది. చీరలో లోపం లేదు. దుకాణదారు అబద్ధమూ ఆడలేదు.

తెలుగులో ‘ఆఁ’ అన్నా ‘అవును’ అన్నా, అడిగినవాడి మాటను ఒప్పుకుంటున్నామని. ‘నువ్వు అన్నది నిజమే, పోదు’ అని. ఇంగ్లీషులో ‘యెస్’, ‘నో’ అడిగినవాడితో సంబంధం లేకుండా, వెనక వచ్చే వాక్యంతో సంబంధం పెట్టుకుంటాయి. వెనక వాక్యంలో ‘నాట్’ ఉంటే ‘నో’. లేకపోతే ‘యెస్’. ‘నో, ఇట్ వోంట్’. ‘యెస్, ఇట్ విల్’. వీటిని కలగలపకూడదు. ‘హావ్ంట్ యూ ఈటెన్?’ అంటే, తినకపోతే ‘నో, ఐ హావ్ంట్’. తిని ఉంటే ‘యెస్, ఐ హావ్’.

ఉద్యోగాల కోసం భువనేశ్వర్, హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళే మన కుర్రవాళ్ళకు ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘డూ యూ మైండ్ వర్కింగ్ ఎట్ నైట్?’ ఇందులో ‘నాట్’ కనిపించదు. కానీ అడుగుతున్నది ‘రాత్రి పని చేయడానికి మీకు అభ్యంతరమా?’ అని. ఉత్సాహంగా ‘యెస్’ అన్నవాడు ‘అవును, నాకు అభ్యంతరమే’ అన్నట్టు. ‘నో, ఐ డోంట్’ అన్నవాడు పనికి సిద్ధమన్నట్టు.

దీనికి నేను చెప్పే ఉపాయం తెలుగులోనే ఉంది. ‘వెళ్ళావా?’ అంటే మనం చాలాసార్లు అవును, కాదు అనకుండా ‘వెళ్ళాను’ అనో ‘వెళ్ళలేదు’ అనో క్రియనే తిప్పి చెబుతాం. ఇంగ్లీషులోనూ అలాగే సహాయక క్రియను తిప్పి చెప్పండి. ‘ఐ డిడ్’. ‘ఐ డిడ్ంట్’. ‘ఇట్ వోంట్’. అనుమానం ఉన్న చోట యెస్, నో మొదట అనకండి. ఇది వింత ఇంగ్లీషు కాదు. ఐర్లండులో పాత భాష ఐరిష్‌లో అసలు యెస్, నో అనే మాటలే లేవు. ప్రశ్నలోని క్రియనే జవాబుగా తిప్పి చెబుతారు. ఆ అలవాటు వాళ్ళ ఇంగ్లీషులోకీ వచ్చింది. అక్కడివాళ్ళు ఇప్పటికీ ‘ఐ డిడ్’, ‘ఇట్ ఈజ్’ అని జవాబు చెప్పడం వింటాం. 

ఇది రేడియో కాబట్టి చెవికి సంబంధించిన రెండు సంగతులు కూడా చెప్పాలి. ‘ఐ కెన్ కమ్’, ‘ఐ కాంట్ కమ్’. ఫోనులో ఈ రెండూ ఒకటిగా వినిపించి మన మనుషులు అవస్థ పడుతుంటారు. ‘కాంట్’ చివరి ‘ట్’ తరవాతి ‘క’లో కలిసిపోతుంది. ఇంగ్లీషు వాళ్ళు ఆ ‘ట్’ మీద ఆధారపడరు. ఒప్పుకునేటప్పుడు ‘కెన్’ను తేలిగ్గా, దాదాపు ‘కన్’ అని జారవిడిచి, ‘కమ్’ను ఒత్తి పలుకుతారు. కుదరనప్పుడు ‘కాంట్’నే సాగదీసి ఒత్తుతారు. మనం ‘కెన్’ను కూడా ఒత్తి పలకడంతో తేడా పోతుంది. ముఖ్యమైన మాట అయితే ‘కెనాట్’ అని పూర్తిగా అనడం మంచిది.

రెండోది ‘వోంట్’, ‘వాంట్’. ఒకటి ‘చేయను’, ఒకటి ‘కావాలి’. ఒకటి అనబోయి ఇంకొకటి అంటే వ్యవహారమే తారుమారు. ‘వోంట్’లో ఉన్నది మన దీర్ఘమైన ‘ఓ’. ‘వాంట్’లో ఉన్న అచ్చు మన ‘ఆ’ కాదు, ‘ఓ’ కాదు. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు. కానీ గంజాం తెలుగువాళ్ళ నోటికి అది కొత్త కాదు. ఒడియాలో ఇంటిని ‘ఘర’ అంటారు కదా, ఆ మాటను వాళ్ళు పలికే తీరులో వినిపించే గుండ్రని అచ్చు అదే. గుంటూరు పిల్లకు లేని సౌలభ్యం ఇది.

శ్రోతలారా, పిల్లలకు వచ్చిన భాషను ఆధారం చేసుకుని చదువు చెప్పాలని నేను కొత్తగా అంటున్నది కాదు. ఈ మాటను ఈ గంజాం జిల్లాలోనే ఎప్పుడో చేసి చూపించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. పర్లాకిమిడి అప్పట్లో ఇందులోదే. అక్కడి రాజావారి బళ్ళో 1880లో గిడుగు వెంకట రామమూర్తి గారు ఉపాధ్యాయులుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల పిల్లలు వాళ్ళకు తెలియని భాషలో పాఠాలు వినవలసి రావడం ఆయన చూశారు. ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, బళ్ళు పెట్టించారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి.

పుస్తకాల్లోనూ వాడుక తెలుగే రాయాలనే ఉద్యమంలోకి ఆయన రావడానికి కూడా ఇంగ్లీషు పాఠాలతో సంబంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో ఉత్తర సర్కారుల బడుల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే దొర వచ్చారు. భాషను పుస్తకంలోంచి కాకుండా నోటి మాటలోంచి నేర్పాలనేది ఆయన పట్టుదల. తెలుగు నేర్చుకోబోతూ, మీరు మాట్లాడేదొకటి, పుస్తకాల్లో రాసేదొకటి ఏమిటని ఆయన అడిగిన ప్రశ్న గిడుగు వారినీ, రచయిత గురజాడ వారినీ, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ కదిలించింది. తరవాతి కథ మనందరికీ తెలిసిందే. నోటి మాటకు పెద్దపీట వేసిన ఆ పద్ధతిలో నాకు పూర్తి గౌరవం ఉంది. చెవికి, నాలుకకు దాన్ని మించింది లేదు. అయితే క్లాసులో మాతృభాష వినపడకూడదనే నియమం ఆ పద్ధతి పేరుతో మన బళ్ళలో పాతుకుపోయింది. అది మాత్రం తప్పు. వ్యతిరేకం లాంటి విషయాల్లో తెలుగును తలుపు బయట నిలబెడితే నష్టపోయేది పిల్లలే. గిడుగు వారు సవర పిల్లల దగ్గర చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

కాబట్టి గంజాం జిల్లా ఇంగ్లీషు ఉపాధ్యాయులకు నా విన్నపం. మీ క్లాసులో తెలుగు మాట్లాడే పిల్లలు నలుగురే ఉన్నా, ‘డిడ్ నాట్’ చెప్పే రోజున వాళ్ళను లేపి ‘వెళ్ళాను’కు వ్యతిరేకం అడగండి. వాళ్ళ చేత మిగతా క్లాసుకు చెప్పించండి. ‘డోంట్’, ‘వోంట్’ చెప్పే రోజున ఒడియా పిల్లల చేత ‘ఖాయేని’, ‘ఖాయిబిని’ అనిపించండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ పిల్లతో తెలుగులోనే మాట్లాడండి. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఆమెకు ఆ తెలుగు కావాలి.